అట్లకాడ ఎత్తేదాకా

ఆ రిసార్ట్ హోటల్లో రోజూ ఉదయం ఏడింటికి టిఫిన్ల హాల్లోకి ఎలుగుబంటి వస్తుంది. వస్తుందంటే తినడానికి కాదు పాపం, తినేవాళ్ల మధ్య తిరగడానికి. పక్కనే థీమ్ పార్కు. పార్కు చూడ్డానికొచ్చి హోటల్లో దిగిన పిల్లలు పాలూ బ్రెడ్డూ ముందు పెట్టుకుని, తినకుండా, తలుపు వైపే చూస్తూ కూర్చుంటారు. తలుపు తెరుచుకోగానే "బొద్దుబాబూ!" అని పైకప్పు ఎగిరిపోయేలా అరుస్తారు. గోధుమరంగు బొచ్చు, ముంతంత ముక్కు, మెడలో ఎర్ర రుమాలు. ఇరవై ఏళ్లలో ఒక్క పూట కూడా సెలవు పెట్టని ఉద్యోగి ఆ హోటల్లో బొద్దుబాబు ఒక్కడే. వాడికి జ్వరం రాదు, ముసలితనం రాదు, మాట రాదు. లోపల ఉన్నవాళ్లకి మాత్రం మూడూ వస్తాయి.

హాల్లో కిటికీల వైపు గోడ వారన ఆమ్లెట్ బల్ల ఉంది. దాని వెనక పదహారేళ్లుగా నిలబడి గుడ్లు కొడుతున్నావిడని అందరూ ఆమ్లెట్టక్క అంటారు. చెఫ్ కూడా అక్క అనే అంటాడు, ఆయన వయసు అరవై రెండు. ఒంటిచేత్తో గుడ్డు పగలగొట్టి రెండో చేత్తో పెనం తిప్పుతుంది. ఉల్లిపాయ వద్దన్నవాళ్లెవరో, సొన గట్టిగా ఉడకాలన్నవాళ్లెవరో, మర్నాడు వాళ్లు నోరు తెరవకముందే చెప్పేస్తుంది. చెయ్యి ఎంత నెమ్మదో నోరు అంత వాడి. మాట పడితే ఊరుకునే మనిషి కాదు. పడకపోయినా ఊరుకునేది కాదనుకోండి.

ఆవిడ మొగుడు బొద్దుబాబు.

అంటే, సగం బొద్దుబాబు. ఆ వేషంలో అరగంటకి మించి ఎవరూ ఉండలేరు. లోపల ఆవిరి గదిలా ఉంటుంది, తలకాయ ఒక్కటే పసిపిల్లంత బరువు. చూడ్డానికి ఎలుగుబంటి నోట్లో గుప్పెడంత జాలీ. అందుకే మోచెయ్యి పట్టుకుని నడిపించడానికి పక్కన ఒక తోడుమనిషి ఉంటాడు. అరగంటకోసారి బొద్దుబాబు చేతులూపుకుంటూ వంటింటి వెనక గదిలోకి వెళ్తాడు, రెండు నిమిషాల్లో మళ్లీ చేతులూపుకుంటూ వస్తాడు. లోపలి మనిషి మారిపోయిన సంగతి మూడో కంటికి తెలియకూడదు. నడక అదే ఉండాలి, తల ఊపడం అదే ఉండాలి, పిల్లల పుస్తకాల్లో పెట్టే సంతకం అదే ఉండాలి. వీటన్నిటికీ ఆ గదిలో ఒక లావుపాటి నోటుపుస్తకం ఉండేది. అట్ట మీద ఎవరో 'బొద్దుబాబు అలవాట్లు' అని రాశారు. ఎడమకాలు ముందు వెయ్యాలి. ముక్కు కుడిచేత్తోనే తుడుచుకోవాలి. పిల్ల ఏడిస్తే దగ్గరికి వెళ్లకుండా నేల మీద కూర్చుని మొహం కప్పుకోవాలి. ఇలా డెబ్బై, ఎనభై పేజీలు. లోపల ఎవరున్నా పుస్తకమే బొద్దుబాబు.

అతన్ని అందరూ ఎలుగన్న అనేవాళ్లు. పదేళ్ల కిందటి దాకా సోఫాల గోడౌనులో బరువులెత్తేవాడు. నడుం పట్టేసి ఇంట్లో కూర్చున్న రోజుల్లో, హోటల్ వాళ్లు ఎలుగుబంటి కోసం మనిషిని వెతుకుతున్నారని అక్కకి తెలిసింది. చదువు అడగలేదు, అనుభవం అడగలేదు, ఎత్తు అడిగారు. వేషం కొలత మారదు కదా, మనిషే దానికి సరిపోవాలి. అక్క ఇంటికొచ్చి మొగుణ్ణి వంటగది తలుపుకి ఆనించి నిలబెట్టి, నెత్తి మీద గరిటె అడ్డంగా పెట్టి సుద్దముక్కతో గీత గీసింది. సరిగ్గా సరిపోయాడు. ఆ గీత ఇప్పటికీ తలుపు మీద ఉంది. సుద్దతో గీసిందే, తరవాత మేకుతో గీసి గట్టి చేసింది.

ఇందులో వింతేమిటంటే, ఎలుగన్న పరమ వాగుడుకాయ. బస్సెక్కితే దిగేలోపు డ్రైవరు అత్తగారి ఆరోగ్యం దాకా తెలుసుకునేవాడు. అలాంటివాడికి పెదవి విప్పకూడదన్న ఉద్యోగం దొరికింది.

"ఇరవై ఏళ్లుగా నేను నోరు మూసుకో అంటే మూసుకోలేదు. వీళ్లు జీతం ఇచ్చి మూయించారు" అని అక్క అందరికీ చెప్పి నవ్వేది.

నోరు మూయించినా అతను ఆవిడతో మాట్లాడ్డం మానలేదు. దానికి వాళ్ల పెళ్లయిన కొత్త రోజుల్లోనే ఒక దారి పడి ఉంది. పెళ్లయిన రెండో వారంలో, సాయంత్రం బస్టాపుకి వచ్చి తీసుకెళ్తానన్నవాడు ఎవరితోనో కబుర్లలో పడి మర్చిపోయాడు. అక్క రెండు గంటలు వానలో నిలబడి, తడిసి ముద్దయి, తనంతట తనే నడుచుకుంటూ ఇంటికొచ్చింది. ఆ తరవాత ఉలుకూ లేదు, పలుకూ లేదు. పొయ్యి దగ్గర అతనికి వీపు పెట్టి నిలబడి వంట చేస్తోంది. అతను అరగంట బతిమాలాడు. ఉన్న మాటలన్నీ అయిపోయాక, పాపం ఏం చెయ్యాలో తోచక, ఎడమచెవి పట్టుకుని రెండో చేత్తో పొట్ట రెండుసార్లు నిమురుకున్నాడు. తప్పు నాదే, ఆకలేస్తోంది అని. అక్క చేతిలో అట్లకాడ ఉంది. అది పైకెత్తి ఒక్క అడుగు ముందుకేసింది. అతను గుమ్మం దాటి మెట్ల దాకా పరిగెత్తాడు. ఆవిడకి నవ్వొచ్చింది. దాంతో తగువు తీరిపోయింది. అప్పట్నించీ ఆ ఇంట్లో ఏ తగువైనా అట్లకాడ లేస్తే తీరినట్టు, లేవకపోతే తీరనట్టు.

ఎలుగుబంటి వేషం వేసిన మొదటివారంలోనే ఒకరోజు బొద్దుబాబు ఆమ్లెట్ బల్ల ముందు ఆగాడు. ఆ పొట్టి చేతులకి చెవి ఎక్కడ అందుతుంది? తల బాగా వంచి, అష్టకష్టాలు పడి చెవి పట్టుకున్నాడు. పొట్ట నిమురుకున్నాడు. ఆ ముందు రాత్రి వాళ్లిద్దరికీ ఏదో మాటా మాటా వచ్చింది. అక్క అట్లకాడ ఎత్తింది. అంత లావు ఎలుగుబంటీ బతుకుజీవుడా అని బల్లల మధ్య పడి పరిగెత్తింది. పిల్లలు కుర్చీలెక్కి కేకలు. ఇక ఆ రోజునించీ రోజూ అదే తంతు, తగువున్నా లేకపోయినా. ఎవరు లోపల ఉన్నదీ అక్క కనిపెట్టే గుర్తు కూడా అదే. చెవి పట్టుకుంటే తన మనిషి. పట్టుకోకపోతే అతని జోడీ, పొడుగమ్మ.

పొడుగమ్మ ముప్పై ఏళ్ల మనిషి, ఒకప్పుడు బడిలో వాలీబాల్ ఆడించేది. ఎత్తు సరిపోయి ఎలుగుబంటిలో సగం అయింది. అతన్ని అన్నా అని, ఆవిడని అక్కా అని పిలిచేది. వరస కలవదే అని చెఫ్ వెక్కిరిస్తే, "మీ ఇంట్లో కలిస్తే చాల్లెండి" అనేది. అక్క దగ్గర నేర్చుకున్న నోరే.

ఇప్పుడు ఆ రోజు సంగతి చెప్పాలి. చెప్పడానికి నాకే కష్టంగా ఉంది.

అప్పటికి మూడునాలుగు నెలలుగా ఎలుగన్నకి ఆయాసం. వాళ్ల ఇల్లు లాండ్రీ షాపు మీద రెండు గదులు. ఇరవై మెట్లెక్కడానికి మధ్యలో రెండుసార్లు ఆగేవాడు. డాక్టరు దగ్గరికి వెళ్లమని అక్క పోరగా పోరగా, వెళ్లానన్నాడు, ఏమీ లేదన్నారని చెప్పాడు. ఆ రోజు తెల్లారకట్ల బస్సులో అక్క మళ్లీ అడిగింది.

"ఏమీ లేదన్నారా? ఏదీ, కాగితం చూపించు."

"ఎక్కడో పడేశానే. ఏమీ లేనిదానికి కాగితం ఎందుకు దాస్తారు?"

"నీ మొహం చూస్తేనే తెలుస్తోంది అబద్ధమని."

"నా మొహం ఎవరు చూస్తున్నారే ఈ రోజుల్లో? అందరూ ఎలుగుబంటి మొహమే చూస్తున్నారు."

ఇంకో రోజయితే నవ్వేది. ఆ రోజు ఒళ్లు మండింది. ఆవిడ భయమంతా కోపమై కూర్చుంది. దిగేదాకా పదకొండు స్టాపులు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

ఏడూ నలభైకి బొద్దుబాబు ఆమ్లెట్ బల్ల ముందుకొచ్చాడు. తల వంచాడు, చెవి పట్టుకున్నాడు, పొట్ట నిమురుకున్నాడు. ఒకసారి, రెండోసారి. అక్క చూసింది. చూసి, వెనక్కి తిరిగి, గుడ్ల ట్రే ముందుకి లాక్కుని పగలగొట్టడం మొదలుపెట్టింది. అవసరం లేకపోయినా ఎనిమిది గుడ్లు కొట్టింది. వెనక పిల్లలు "అట్లకాడ, అట్లకాడ" అని అరుస్తున్నారు. తిరగలేదు. ఎంతసేపు నిలబడ్డాడో ఆవిడ చూడలేదు. తిరిగేసరికి తోడుమనిషి ఎలుగుబంటి మోచెయ్యి పట్టుకుని అవతలి వరసలోకి తీసుకెళ్తున్నాడు.

ఎనిమిదికి మనుషులు మారతారు. ఎనిమిదిన్నరకి మళ్లీ అతని వంతు. ఎనిమిదీ నలభైకి బొద్దుబాబు హాల్లోకి వచ్చాడు, బల్ల వైపు రాలేదు. అలిగాడు అనుకుంది అక్క. తొమ్మిదిన్నర తరవాత కూడా అతని వంతే. అప్పుడూ రాలేదు. దూరంగా ఒక పాప పుట్టినరోజు కేకు దగ్గర చప్పట్లు కొడుతున్నాడు. అలగనీ, సాయంత్రం ఇంటికి రాడా ఏం, అనుకుంది. అనుకుని మధ్యమధ్యలో ఓరకంట చూస్తూనే ఉంది. ఈసారి వస్తే ఎత్తేద్దామని అట్లకాడ కడిగి కూడా పెట్టుకుంది.

ఎలుగన్న ఎనిమిదీ పదికే పోయాడు. వెనక గదిలో వేషం విప్పి పొడుగమ్మకి ఇచ్చేసి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు అడిగాడట. నీళ్లు తెచ్చేలోపు ఒరిగిపోయాడు. అంబులెన్సు వెనకగేటు దగ్గరికి వచ్చింది, సైరన్ వెయ్యవద్దన్నారు. పిల్లల కార్యక్రమాలన్నీ చూసే సూపర్‌వైజరమ్మ, "ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఏం కాలేదు, నువ్వు వెళ్లు, హాల్లో నూట ఎనభై మంది ఉన్నారు" అని ఎనిమిదిన్నరకి తిరిగొచ్చిన పొడుగమ్మకి మళ్లీ తలకాయ తగిలించి పంపింది. అక్కకి చెబుదామని ఎవరికీ తోచలేదని కాదు. పదిన్నర దాకా ఆగుదామనుకున్నారు. రూలు అలా ఉంది. ఆ రూలు రాసినవాళ్ల ఇళ్లలో ఎప్పుడూ ఎవరూ పోలేదేమో.

కాబట్టి జరిగింది ఇది. మొగుడు పోయాక రెండుగంటలకి పైగా ఆ మొగుడి మీద అలక పూని, అతను కాని ఎలుగుబంటిని ఓరకంట చూస్తూ, ఆవిడ నూట పదో, నూట ఇరవయ్యో ఆమ్లెట్లు వేసింది.

పదిన్నరకి సూపర్‌వైజరమ్మ వచ్చి చెప్పింది. అక్క ఏడవలేదు. పొయ్యి ఆపి, "చెవి పట్టుకున్నాడు. నేనే తిరిగి చూడలేదు" అంది. ఆవిడేం చెబుతోందో అక్కడున్నవాళ్లెవరికీ అర్థం కాలేదు.

*

అక్క మూడువారాలు ఇంట్లోనే ఉంది. తోడుగా ఆడపడుచు వచ్చింది. వదినా ఆడపడుచులకి ఎప్పుడూ పెద్ద పొత్తు లేదు, ఉప్పూ నిప్పూగానే ఉండేవాళ్లు. ఆ మూడువారాలు మాత్రం ఒకే మంచం మీద చెరోవైపు తిరిగి పడుకున్నారు. నాలుగోరోజు మధ్యాహ్నం బట్టలు మడతపెడుతూ ఆడపడుచు గొంతు పెగుల్చుకుంది.

"వదినా, తిట్టినా పడతాను, కొట్టినా పడతాను. అన్నయ్యకి గుండె జబ్బని నాకు తెలుసు."

అక్క చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

"రెండు నెలల కిందట నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. వెంటనే ఆ వేషం మానెయ్యమన్నాడు డాక్టరు. వేడి పనికిరాదు, బరువు పనికిరాదు అన్నాడు. నీకు చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు."

"ఎందుకు? నేనేం కొరుక్కు తింటానా?"

"నేనూ అదే అడిగాను వదినా. 'దానికి తెలిస్తే నన్ను ఇంట్లో కూర్చోబెడుతుందే. రోజూ దాని బల్ల దగ్గరికి వెళ్లకుండా నేను పొద్దుటే ఏం చెయ్యను?' అన్నాడు."

అక్క ఆ చొక్కా మడత పెట్టింది. మళ్లీ విప్పి మళ్లీ పెట్టింది. అబద్ధమని కనిపెట్టింది తనే, కోప్పడిందీ తనే, ఆ కోపంలో వీపు తిప్పిందీ తనే. ఎవర్ని తిట్టాలి? ఉన్నవాళ్లయితే తిట్టవచ్చు, తిట్లు పడేవాడు వెళ్లిపోయాడు. ఆవిడకి మిగిలింది ఒక్కటే బాధ. ముప్పై ఏళ్ల కాపురంలో తీరని తగువంటూ లేదు, ఆఖరిది తప్ప. అది ఇక తీరదు.

ఇంట్లో ఉంటే గోడలు మీద పడుతున్నాయని నాలుగోవారం పనిలోకి వెళ్లింది. చెఫ్ వచ్చి పెనాలు తనే తుడిచిపెట్టి వెళ్లాడు. ఏడింటికి తలుపు తెరుచుకుంది, "బొద్దుబాబూ!" అని పిల్లలు అరిచారు. అక్క తల దించుకుని ఉల్లిపాయలు తరుగుతోంది. ముప్పావు గంట గడిచింది. బల్ల ముందు వెలుగుకి ఏదో అడ్డమొచ్చినట్టయి తలెత్తింది.

బొద్దుబాబు నిలబడి ఉన్నాడు. తల వంచాడు. ఎడమచెవి పట్టుకున్నాడు. పొట్ట రెండుసార్లు నిమురుకున్నాడు.

పెనం చేతిలోంచి జారి ఆవిడ కాలి పక్కన పడింది. వేడి నూనె పాదం మీద చిందింది. నొప్పి కూడా తెలియలేదు. ఆ ఒక్క క్షణం, దేవుడా, ఆ ఒక్క క్షణం ఆవిడ మనసు ఎంత పిచ్చిగా ఎగిరిందో చెప్పలేను. వెంటనే ఎగిరినంత ఎత్తునించీ కిందపడింది. ఎలుగుబంటి ఇంకా అక్కడే నిలబడి ఉంది. అక్క ఏప్రన్ విప్పి బల్ల మీద పడేసి సూపర్‌వైజరమ్మ గదిలోకి వెళ్లింది.

"ఎవరున్నారు లోపల?"

"కొత్తమ్మాయి అక్కా. పొడుగమ్మకి జోడీగా తీసుకున్నాం. ఏమైంది?"

"నా మొగుడి అలవాటు ఆ పిల్లకి ఎవరు నేర్పారు? మనిషిని తీసుకున్నారు, చాలదా? అతని చేష్టలు కూడా మీ బొమ్మకి కావాలా?"

"పుస్తకంలో ఉన్నట్టుంది అక్కా..."

"ఉంటే కొట్టెయ్యండి. ఇంకోసారి ఆ ఎలుగుబంటి నా బల్ల దగ్గర చెవి పట్టుకుంటే ఈ ఉద్యోగానికి ఒక దణ్ణం."

సూపర్‌వైజరమ్మ చెడ్డ మనిషేం కాదు. ఆ పదిన్నర సంగతి ఆవిడ గొంతులోనూ ముల్లులాగే ఉంది. అక్క ఏదైనా అడిగితే చాలు, చేసేద్దామని కాచుకుని ఉంది. ఆ సాయంత్రమే ఆ పేజీ చింపేయించింది. ఎలాగూ పాత చేతిరాత పుస్తకం పోయి అచ్చు పుస్తకం రాబోతోంది, అందులోనూ లేకుండా చూసింది. నూనె చిందిన సంగతి పైకి రాస్తే, భద్రత చూసే వాళ్లొచ్చి ఇంకో రూలు పెట్టారు. వేషాల్లో ఉన్నవాళ్లు పొయ్యిలకి పదడుగుల లోపలికి రాకూడదు. ఆమ్లెట్ బల్ల చుట్టూ పసుపు తాడు కట్టారు. అడిగినదానికంటే ఎక్కువే చేసిపెట్టారు.

అక్క ఆ తాడు చూసి, మంచిపని అయింది అనుకుంది.

*

తరవాతి వారం సెలవు రోజున పొడుగమ్మ ఇంటికి వచ్చింది. మధ్యాహ్నం. కింద లాండ్రీలో ఇస్త్రీ ఆవిరి కిటికీలోంచి పైకి వస్తోంది. ఆడపడుచు కాఫీ పెట్టి ఇచ్చింది. పొడుగమ్మ తాగలేదు. సంచిలోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"అక్కా, ముందే చెప్పాల్సింది. కొత్తమ్మాయికి అది నేర్పింది నేనే."

"పోనీలే. నువ్వు మాత్రం ఏం చేస్తావు, పుస్తకంలో ఉంది."

"పుస్తకంలో రాసింది ఎవరో అడగలేదు నువ్వు."

అక్క తలెత్తింది.

"చెత్తలో వేశారు ఆ పేజీ. నేను తీసి దాచాను. ఇద్దామా వద్దా అని వారంనించీ మింగలేక కక్కలేక చస్తున్నాను. చదువుకో."

కాగితం విప్పింది. వంకరటింకర అక్షరాలు, వాక్యం చివర చుక్క బదులు చిన్న గీత పెట్టే అలవాటు. ఎలుగన్న రాతే. పైన తారీఖు ఉంది. ఆ తారీఖు చూసి ఆడపడుచు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. అది డాక్టరు దగ్గరనించీ వచ్చిన మర్నాడు.

'ఆమ్లెట్ బల్ల దగ్గర బొద్దుబాబు రోజూ ఆగాలి. ఎడమచెవి పట్టుకోవాలి. పొట్ట రెండుసార్లు నిమురుకోవాలి. లోపల ఎవరున్నా ఇది మానకూడదు. అక్కడున్నావిడ అట్లకాడ ఎత్తుతుంది. ఎత్తితే పరిగెత్తిపోవాలి. ఒక్కోరోజు కోపంలో ఉండి ఎత్తదు. అప్పుడు ఎత్తేదాకా నిలబడాలి.'

అక్క మూడుసార్లు చదివింది. మూడోసారి పైకి చదివింది.

"నాతో అద్దం ముందు సాధన చేయించాడక్కా" అంది పొడుగమ్మ. "ఇది నీ సొంతం కదన్నా, పుస్తకంలో ఎందుకు అన్నాను. 'నేను సెలవు పెడితే ఆవిడకి తోచదే, అందాకా నువ్వు చెయ్యకు' అన్నాడు. అన్న ఎప్పుడు సెలవు పెట్టాడక్కా? నాకప్పుడు తట్టలేదు. నువ్వు మళ్లీ పనిలోకి వచ్చాక నేనే చేద్దామనుకున్నాను. నీ ముందుకొచ్చి నిలబడడానికి ధైర్యం చాల్లేదు. ఆ పిల్లని పంపాను."

"ఆ రోజు..." అంది అక్క. "ఆ రోజు ఎంతసేపు నిలబడ్డాడు?"

పొడుగమ్మ కాఫీ గ్లాసు వైపు చూసింది.

"చెప్పు."

"తోడుమనిషి చెప్పాడు. రెండుసార్లు లాగినా కదల్లేదట. మూడోసారి గట్టిగా పట్టుకుని తీసుకెళ్లాల్సి వచ్చిందట."

అప్పుడు ఏడ్చింది అక్క. పోయిన రోజున రానివి, మూడువారాలూ రానివి, అన్నీ కలిపి వచ్చాయి. ఆడపడుచు ఒకవైపు, పొడుగమ్మ ఒకవైపు పట్టుకున్నారు. "కొట్టేయించాను. నా చేతులారా కొట్టేయించాను" అని అదే మాట. కింద ఇస్త్రీ చేసే అతను పెట్టె ఆపి, కాసేపు విని, మళ్లీ చప్పుడు కాకుండా మొదలుపెట్టాడు.

మర్నాడే సూపర్‌వైజరమ్మ గదిలో నిలబడింది. పదహారేళ్లలో ఎవరినీ బతిమాలని మనిషి బతిమాలింది.

"నాది తప్పే. మళ్లీ పెట్టించండి."

"అక్కా, నువ్వు కొట్టెయ్యమన్నావని..."

"అన్నాను. ఇప్పుడు పెట్టమంటున్నాను."

"పుస్తకం అచ్చుకి వెళ్లిపోయింది. అది కూడా ఎలాగో చూద్దును, పొయ్యి దగ్గరికి రాకూడదన్న రూలు నా చేతిలో లేదక్కా. తాడు దాటితే వేషం వేసే ఆ పిల్లల ఉద్యోగాలు పోతాయి." సూపర్‌వైజరమ్మ కళ్లు తుడుచుకుంది. "ఆ రోజూ నేను రూలే చూశాను. నాకు ఇంకేం తెలియదు, ఏం చెయ్యను?"

అక్క వెనక్కి తిరిగింది. గుమ్మం దాకా వెళ్లి, "పాదం మీద నూనె మచ్చ మానిపోయింది" అని చెప్పి వెళ్లిపోయింది. ఎందుకు చెప్పిందో ఆవిడకే తెలియదు.

తరవాత పదిరోజులు అలాగే గడిచాయి. ఎలుగుబంటి వచ్చేది, తాడుకి అవతలే తిరిగేది, కేకుల దగ్గర చప్పట్లు కొట్టేది. లోపల కొత్తమ్మాయో, పొడుగమ్మో తెలుసుకునే గుర్తు ఇప్పుడు లేదు. అక్క గుడ్లు కొడుతూ ఎదురుచూడకూడదనుకుంటూనే ఎదురుచూసేది.

పదకొండో రోజు ఏడూ నలభైకి బొద్దుబాబు పసుపు తాడు దగ్గరికి వచ్చి ఆగాడు.

చెవి పట్టుకోలేదు. పొట్ట నిమురుకోలేదు. అవి పుస్తకంలో లేవు. తాడు దాటలేదు. ఊరికే, చేతులు కిందికి వేలాడేసి, ఆవిడ వైపు తిరిగి నిలబడ్డాడు.

అక్క చూసింది. ఈసారి వీపు తిప్పలేదు. ఒక పాప వచ్చి ఎలుగుబంటి వేలు పట్టుకుని లాగింది. కదల్లేదు. తోడుమనిషి మోచెయ్యి పట్టుకున్నాడు, కదల్లేదు. తోడుమనిషి అక్క మొహం చూసి చెయ్యి వదిలేసి రెండడుగులు వెనక్కి జరిగాడు.

అట్లకాడ ఆవిడ చేతిలోనే ఉంది. ఎత్తితే వెళ్లిపోతాడు. రాసి పెట్టాడు కదా. ఎత్తకపోతే నిలబడే ఉంటాడు. ఆ రోజు తిరిగి చూసి ఉంటే చాలునని ఎన్నిసార్లు అనుకుందో, ఆ చూపంతా ఇప్పుడు చూసింది. రుమాలు కొంచెం పక్కకి పోయింది. ఎడమచెవి కుట్టు వదిలి ఉంది. అక్కడ పట్టుకుని పట్టుకుని లాగిన చోట బొచ్చు అరిగి, లోపలి గుడ్డ కనిపిస్తోంది. లోపల ఉన్నది ఆ పేజీ దాచిన పొడుగమ్మే, వంతు మార్చుకుని వచ్చిందని ఆవిడకి తెలుసు. తెలిసినా చూసింది. వరసలో ఉన్నవాళ్లు గొణగడం మొదలుపెట్టారు. పెనంలో ఆమ్లెట్ అంచులు మాడుతున్నాయి.

"తప్పు నాదే" అంది. వాన చప్పుడులో మాట్లాడినట్టు, ఎవరికీ వినపడకుండా. "ఇక పో."

అట్లకాడ ఎత్తింది.

ఎలుగుబంటి ఒక్క క్షణం అలాగే ఉంది. తరవాత రెండు చేతులూ గాల్లోకి లేపి, ఎడమకాలు ముందు వేసి, బల్లల మధ్యనించీ తూలుకుంటూ పరిగెత్తింది. పిల్లలు కుర్చీలెక్కి అరిచారు. వంటింటి తలుపు తెరుచుకుని మూసుకుంది.

అక్క మాడిన ఆమ్లెట్ తీసి పక్కన పడేసి, పెనం తుడిచి, వరసలో ముందున్న పెద్దాయన వైపు తిరిగింది.

"మీకు ఉల్లిపాయ వద్దు కదా?" అంది.